పక్క ఖాళీ స్థలం చెత్తకుప్ప అయింది, ఎవరి మీద కేసు వేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది. రెండేళ్లుగా వీధిలో వాళ్లంతా చెత్త తెచ్చి అందులోనే పోస్తున్నారు. వానొస్తే నీళ్లు నిలిచి దోమలు, కంపల్లో పాములు, చీకటి పడితే తాగేవాళ్లు. కిందటేడు మా వారికి డెంగీ వచ్చి ఆస్పత్రికి లక్ష దాటింది. ఆ స్థలం అమెరికాలో ఉన్నాయనదని కొందరు, పార్కుకి వదిలిందని కొందరు అంటారు. వార్డు సచివాలయంలో ఎన్నోసార్లు చెప్పాం. ఆస్పత్రి ఖర్చు రాబట్టుకోవచ్చా? గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్దామని మా అబ్బాయి అంటున్నాడు. కంపకి నిప్పు పెట్టి, కంచె వేసి, చిన్న గుడి కట్టేస్తే ఇక ఎవరూ చెత్త వేయరని వీధి పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పడిన బాధంతా రాశారు గానీ, కేసు నిలబడేదీ పడిపోయేదీ దేని మీదో దాన్ని ‘కొందరు అంటారు’ అని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ స్థలం ఒకరి ప్లాటా, లేఅవుట్‌లో అందరికీ వదిలిన ఖాళీ స్థలమా? ముందు అది తేలాలి.

క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ (పాత సీఆర్పీసీలో 133) కింద బహిరంగ స్థలంలో ఉన్న న్యూసెన్స్‌ని తొలగించమని ఆర్డీవో, మేజిస్ట్రేట్ హోదాలో ఆదేశం ఇవ్వవచ్చు. పారిశుద్ధ్యం కోసం, వినోదం కోసం ఖాళీగా వదిలిన స్థలం కూడా బహిరంగ స్థలమేనని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. అనుమతి పొందిన లేఅవుట్‌లో ఖాళీ స్థలాన్ని గిఫ్టు డీడు రాసి మున్సిపాలిటీకి అప్పగిస్తారు. మీ పక్కది అలాంటిదైతే దాన్ని శుభ్రం చేయాల్సిన బాధ్యత మున్సిపాలిటీదే. నిధులు లేవంటే కుదరదు. రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకుని కొట్టేసింది. అక్కడా కోర్టుకెక్కింది మురుగు భరించలేకపోయిన వీధి జనమే.

ప్రైవేటు ప్లాటు అయితే దారి వేరు. మున్సిపల్ కమిషనర్ ఓనరుకి నోటీసు ఇవ్వాలి, వినకపోతే శుభ్రం చేయించి ఆ ఖర్చు అతని దగ్గర వసూలు చేయాలి. చెత్త రోడ్డు మీదకో కాలవలోకో వచ్చిందా, అంతమేరకు 152 అప్పుడూ పనికొస్తుంది. ఇవేవీ కదలకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద మీ వీధిలో ఇద్దరు కలిసి, కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. విడిగా ఎవరికీ నష్టం జరిగిందని చూపక్కర్లేదు.

కాబట్టి రేపే మున్సిపాలిటీలో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద మీ లేఅవుట్ ప్లాన్ నకలు, గిఫ్టు డీడు నకలు అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇచ్చి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయండి. ప్లాటే అయితే ఓనరు పేరు అందులో బయటపడుతుంది. చిరునామాకి ఖాళీ స్థలం పన్ను రికార్డు చూడండి.

ఆస్పత్రి ఖర్చు గురించి ఆశ పెట్టుకోవద్దు. ఆ దోమ ఆ ప్లాటులోనే పుట్టిందని ఎలా రుజువు చేస్తారు? డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది డ్రమ్ములు, పాత టైర్లు, కూలర్లలో నిలిచిన నీళ్లలో. అవతలి వకీలు మీ మేడ మీది ట్యాంకుకి మూత ఉందా అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. పైగా పరిహారం దావాలకి గడువులున్నాయి, కిందటేటి ఖర్చుకి అవి నడుస్తూనే ఉన్నాయి.

పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, దాని చట్టం 14వ సెక్షన్ ప్రకారం, కారణం మొదట పుట్టిన నాటి నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజులిస్తారు. మీరు రెండేళ్లు ఊరుకున్నారు. ఒక్క ఖాళీ స్థలం గొడవకి అది సరైన చోటు కూడా కాదు. మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడానికి అలాంటి గడువు లేదు, కాకపోతే న్యూసెన్స్ ఇవాళ్టికీ ఉన్నట్టు చూపాలి.

నిప్పు, కంచె, గుడి మాట మాత్రం వెంటనే మానుకోండి. బయట చెత్త తగలబెట్టడాన్ని 2016 డిసెంబరులో గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే ఐదు వేలు, భారీగా కాలిస్తే పాతిక వేలు. పక్కింటికి అంటుకుంటే నిర్లక్ష్యంగా నిప్పుతో వ్యవహరించారని మీ మీదే క్రిమినల్ కేసు. ప్రైవేటు ప్లాటులో కంచె వేస్తే అక్రమ ప్రవేశం కింద ఓనరు మీ మీద ఫిర్యాదు ఇస్తాడు, చెత్త కేసు పోయి కబ్జా కేసు అవుతుంది. పార్కు స్థలమైతే బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా గుళ్లు, మసీదులు, చర్చిలు కట్టనివ్వొద్దని 2009లో సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. గుడి కట్టించిన పెద్దలు కోర్టు మెట్లెక్కేటప్పుడు మీ వెంట రారు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే అంటున్నాను. ‘ఎన్నోసార్లు చెప్పాం’ అంటే ఏమిటి? రెండేళ్లలో ఒక్క కాగితం లేదు. నోటిమాటకి ఇన్‌వార్డు నంబరు పడదు. అర్జీ రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో, ముట్టినట్టు రుజువుతో ఇంకొకటి పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే దానికీ రసీదు వస్తుంది.

ఫోటోలు వాట్సాప్‌లో పంపుకుని ఒరిజినల్ చెరిపేయకండి. తీసిన ఫోన్‌లోనే ఉంచండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. చెత్త కుప్ప, నిలిచిన నీళ్లు, వీధి దీపం వెలగకపోతే ఆ స్తంభం, పక్కన మీ ఇంటి గేటు ఒకే ఫ్రేములో వచ్చేలా తీయండి. మునుపటి తేదీలతో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అవీ పోగు చేయండి.

అర్జీ మీద సంతకం పెట్టేవాళ్లు రేపటి నుంచి తమ చెత్త మున్సిపల్ బండికే ఇవ్వాలి. పిటిషనర్ ఇంటి సంచి ఆ కుప్పలో కనబడితే ఆ పిటిషన్‌కి విలువ ఉండదు. తాగేవాళ్ల సంగతి వేరే కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. వీధి దీపానికి ఇంకో అర్జీ పెట్టండి. మూడూ ఒకే అర్జీలో కలిపితే ప్రతి ఆఫీసూ ఇది మా పని కాదని పక్కకి తోస్తుంది.

ఆర్టీఐ జవాబు, ఈసీ, స్టాంపు పడిన అర్జీ కాపీలు చేతికి వచ్చాక వాటితో మీ ఊళ్లో వకీలుని కలిసి 152 పిటిషన్ రాయించండి.