మహేంద్రగిరి ఎక్కుతానన్న మేనల్లుడికి

ఒరే నాన్నా,

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది. స్టెంటు వేసిన కొత్తలో వీధి చివరి దాకా వెళ్ళడానికి వణికినవాడివి నువ్వేనా అని. ఫోన్ పెట్టేశాక నాకూ టెన్షన్ పట్టుకుంది.

నడక మొదట పది నిమిషాలు, చివర పది నిమిషాలు మెల్లగా. తిన్న వెంటనే వద్దు. గుండె నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఒంటి మీదున్న చొక్కా జేబులోనే ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

నా సంగతి విను. 58వ ఏట నాకు బైపాస్ అయింది. నాలుగు నెలలకి ఎవరో చెప్పారు: 220లోంచి వయసు తీసెయ్యి, అందులో 70 శాతం దాకా నాడి కొట్టుకోవాలని. లెక్కల మాస్టార్ని కదా, 113 అని తేల్చేశాను. పొద్దున్నే పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది వంతెన మీద నాడి చూసుకుంటే 84. చాలదనుకుని వేగం పెంచాను. 92. ఇంకా పెంచాను. దవడ లాగింది, బనీను చల్లగా వీపుకి అతుక్కుంది. అప్పటికీ వేలు మణికట్టు మీదే ఉంది, ఇంకా 96 ఏమిటని చిరాకు!

పిట్టగోడ పక్కనే కూలబడ్డాను. పాలబ్బాయి సైకిలు ఆపి, ఆటో ఎక్కించాడు. డాక్టరు తిట్టి పంపారు. మీ అత్తకి మూడు రోజులు చెప్పలేదు. తెలిశాక వారం నాతో మాట్లాడలేదు.

రోజూ వేసుకునే మెటోప్రొలాల్ గుండెకి కళ్ళెంరా. ఎంత ఉరికినా నాడిని అంతగా పెరగనివ్వదు. నా లెక్క ఆ మందు వేసుకోనివాళ్ళది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ కొలత అన్నారు డాక్టరు. అప్పట్నుంచీ నేను పదమూడో ఎక్కం పైకి చదువుతూ నడుస్తాను. తొంభై ఒకటి దగ్గర మాట తెగితే అడుగు తగ్గిస్తాను.

నీ మందుల చీటీలోనూ అదే మాత్ర ఉందని మీ అమ్మ చదివి వినిపించింది. ఆ చేతి వాచీ అంకెల్ని నమ్ముకోకు.

కొండ దాదాపు 1,500 మీటర్లు. ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకో, డాక్టరు సరేనంటేనే ప్రయాణం. కుర్రాళ్ళ జట్టుతో మాత్రం వద్దు. వాళ్ళ ముందు ఆగడానికి నీకు సిగ్గు. మన ఇంటి మగాళ్ళందరికీ ఉన్న రోగమే అది.

ఈ ఆదివారం ఇక్కడికి రా. వంతెన మీద ఇద్దరం నడుద్దాం, ఎక్కం నువ్వు చదువు. అయిదో తరగతిలో నీకు పదమూడో ఎక్కం రానే లేదు, నేర్చుకుని రా.

మీ మావయ్య