కొమ్ము, చెక్క, నరం కలిపి విల్లు ఎందుకు చేస్తారు? ఒక్క చెక్క చాలదా?

చెక్క ఒక్కటీ చాలుతుంది, కానీ అప్పుడు విల్లు మనిషంత పొడుగు ఉండాలి. పొట్టి విల్లును బాగా వెనక్కి లాగితే విరిగిపోతుంది. విల్లు వంగినప్పుడు లక్ష్యం వైపున్న ముఖం సాగుతుంది, విలుకాడి వైపున్నది నలుగుతుంది. సాగే వైపు పశువుల స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే నరం, నలిగే వైపు కొమ్ము అతికిస్తారు. మధ్యలోని చెక్క పని చాలావరకు ఆ రెంటినీ పట్టి ఉంచడమే.

కొరియా వారి గక్గుంగ్ విల్లునే చూడండి. నడుమ వెదురు, కొసలకు మల్బరీ చెక్క, పిడికి ఓక్. కొమ్ము మాత్రం నీటిగేదెది. అది ఆ దేశంలో దొరకదు, దక్షిణ దేశాల నుంచి తెప్పించుకోవలసిందే. ఎండిన స్నాయువును దంచి, పీచులుగా చీల్చి, దువ్వి, జిగురులో ముంచి పొరలుగా పరుస్తారు. ఒక పొర ఆరాకే మరొకటి. ఇక్కడ తొందరపడితే పని చెడినట్టే.

నా దృష్టిలో అసలు ప్రాణం జిగురుదే. సముద్రపు చేపల గాలితిత్తిని ఉడికించి తీస్తారు. గట్టిగా పట్టినా సాగే గుణం పోదు, కానీ తేమ సోకితే మెత్తబడుతుంది. అందుకే తయారీ చలికాలంలో సాగుతుంది, వానాకాలంలో విల్లును వెచ్చని పెట్టెలో దాస్తారు. నారి విప్పితే విల్లు ఎదురు దిశలో దాదాపు చక్రంలా ముడుచుకుంటుంది. కొత్తవారు తిరగేసి ఎక్కించబోయి విరగ్గొట్టే ప్రమాదం అక్కడే.

కొరియా సంప్రదాయ విలువిద్యలో లక్ష్యం 145 మీటర్ల దూరంలో ఉంటుంది. ఈ విల్లమ్ముల తయారీని ఆ దేశం 1971లో జాతీయ వారసత్వ కళగా గుర్తించింది.