యుద్ధం గుర్తున్న పెద్దలను ఏమని అడగాలి?

పాత యుద్ధభూములకు వెళితే ఆ రోజులు గుర్తున్న స్థానికులు ఇంకా దొరుకుతారా, వాళ్ళను ఎలా పలకరించాలి అని అడిగారు. దొరుకుతారు, కానీ త్వరపడాలి. నేను 2019లో నాగాలాండ్ రాజధాని కోహిమా వెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో అక్కడ పోరు జరిగింది. ఆనాటికి ఊహ తెలిసినవాళ్ళకు నేను వెళ్ళేసరికే ఎనభై దాటాయి.

అక్కడ అందరూ ముందు చూసేది గారిసన్ హిల్ మీది శ్మశానవాటిక. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఆ చివర జపాన్ సైన్యం, ఈ చివర బ్రిటిష్ ఇండియా సైన్యం ఎదురెదురుగా పోరాడిన చోటు అది. ఆ కోర్టు గీతలను తెల్లగా గుర్తుపెట్టి ఉంచారు. 1,420 సమాధులు. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మందికి వేరే స్మారకం. నేను ఫోటోలు తీసుకుని గంటలో దిగి వచ్చేశాను.

మర్నాడు ఇంఫాల్ దారిలో ఉన్న కిగ్వేమా గ్రామానికి వెళ్ళాను. జపాన్ సైనికులు 1944 ఏప్రిల్ 4న తమ ఊరికి వచ్చారని చెప్పే రాత అక్కడ ఒక ఇంటి మీద ఉంది. తెలిసినవారి ద్వారా ఒక పెద్దాయనను కలిశాను. యుద్ధంనాటికి ఆయనకు పన్నెండేళ్ళు. మనవడు మా మాటలు అటూ ఇటూ చెబుతూ కూర్చున్నాడు. ఎంతమంది సైనికులు, ఏ తుపాకులు, ఏ కొండ మీద నుంచి కాల్చారు అని నేను వరుసగా అడిగాను. ఆయన ఒక్కొక్క మాటలో జవాబిచ్చి ఊరుకున్నారు. చివరికి "అప్పుడు ఏం తిన్నారు?" అన్నాను. అంతే, రెండు గంటలు మాట్లాడారు. గాదెలో ధాన్యం ఎలా ఖాళీ అయిందో, తల్లి చీకట్లో మిగిలిన బియ్యం ఎక్కడ పాతిపెట్టిందో, అడవిలో పొగ కనబడుతుందని పొయ్యి వెలిగించకుండా ఎన్ని రోజులు గడిపారో చెప్పారు. తిండి చాలక జపాన్ సైన్యం వెనుదిరిగిందని పుస్తకాల్లో చదివాను. అదే ఆకలి ఆ ఊరి పిల్లల కడుపులోనూ ఉందని ఆరోజే తెలిసింది. అందుకే నా సలహా: పోరాటం గురించి కాదు, ఇంటి గురించి అడగండి. ఆయన ఆగితే మీరూ ఆగండి. అనుమతి లేకుండా రికార్డు చేయకండి.

నాగాలాండ్‌కు వెళ్ళేవారు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవారు అక్కడికి రావడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ముందే తీసుకోవాలి. పొలాల్లో తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏది కనబడినా ముట్టుకోవద్దు, అది పేలకుండా మిగిలిన బాంబు కావచ్చు.

ఆరోజు నేను లేవబోతుంటే ఆ పెద్దాయన ఒకటే ప్రశ్న వేశారు. "మీ వైపు వాళ్ళు ఎవరైనా ఆ కొండ మీద ఉన్నారా?" నాకు తెలియదు. మర్నాటి ఉదయం మళ్ళీ గారిసన్ హిల్ ఎక్కి, ఆ స్మారకం దగ్గర మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టాను.