సింహాసనం చేతులు మారే చోట: ఒక యువ నవలాకారుడికి లేఖ

సీతమ్మధార, విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి ఆశీస్సులు.

కులోత్తుంగ చోళుడి మీద నువ్వు రాస్తున్న నవలలో ఇప్పటిదాకా పూర్తయిన ప్రకరణాలన్నీ శ్రద్ధగా చదివాను. వేంగి చాళుక్యుల ఇంట పుట్టిన రాజకుమారుడు 1070లో చోళ సింహాసనం ఎక్కిన ఉదంతాన్ని ఎంచుకున్నందుకు ముందుగా నిన్ను అభినందించాలి. మన విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణమనే మారుపేరు శాసనాలలో ఉంది; ఆ పేరుగల మనిషి మన రాజరాజనరేంద్రుడి కొడుకేనని ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? భాష నీకు వశమయింది, సంభాషణలు బిగువుగా నడుస్తున్నాయి. నా అభ్యంతరమంతా ఐదో ప్రకరణం మీదనే. కులోత్తుంగుడికి ముందు గద్దె మీదున్న అధిరాజేంద్ర చోళుడికి మంత్రి పాలలో విషం కలిపించడం, తెల్లవారేసరికి కులోత్తుంగుడు చోళ రాజధాని గంగైకొండచోళపురం కోట గుమ్మంలో నిలబడడం నువ్వు ఎంత చక్కగా రాసినా, ఆ ఘట్టాన్ని తీసివేయమనే నా సలహా.

విషం పెట్టిన మరుక్షణం నీ కథ ఒక్క రాత్రికీ ఒక్క దుర్మార్గుడికీ కుదించుకుపోతుంది. అక్కడ జరిగింది మూడు తరాల వ్యవహారం. రాజరాజ చోళుడు తన కూతురు కుందవ్వను వేంగి విమలాదిత్యుడికి ఇచ్చాడు. వారి కొడుకు, నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు, మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వారి కొడుకు మళ్లీ తన మేనమామ రెండో రాజేంద్రుడి కూతురు మధురాంతకిని చేసుకున్నాడు. అంటే నీ కథానాయకుడికి నాయనమ్మ, తల్లి, భార్య ముగ్గురూ చోళుల ఆడపడుచులే. ఆస్తి గడప దాటకుండా మేనరికాలు కలుపుకునే ఇళ్లలో పెరిగిన మన పాఠకుడికి ఈ ఏర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు. వేంగిని తమ గుప్పిట్లో ఉంచుకోవడానికి చోళులు చేసిన పెళ్లిళ్లే చివరికి చోళ సింహాసనాన్ని వేంగి అల్లుడి ఇంటికి చేర్చాయన్నది నీ నవలకు ఆయువుపట్టు. దాన్ని పాలగిన్నెలో ముంచేయకు.

రాజవంశాల కథ రాసేవాడు ముందుగా నేర్చుకోవలసింది ఒకటుంది. రాజ్యం చేతులు మారిన ప్రతిసారీ, దాన్ని అందుకున్నవాడి ఆస్థానంలో ఒక కథ తయారవుతుంది. ఆ కథలో అబద్ధం ఎక్కడుందని వెతకడం కన్నా, అది ఎవరి పేరు ఎత్తడానికి జంకుతోందో పట్టుకోవడం నవలాకారుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

దీనికి నీ నవలలోనే మంచి ఉదాహరణ ఉంది, నువ్వు మాత్రం రెండు పేజీలలో దాటేశావు. రాజరాజనరేంద్రుడికి సవతి తమ్ముడైన ఏడో విజయాదిత్యుడి మాట చెబుతున్నాను. 1061లో అన్న చనిపోయాక వేంగిని ఏలినవాడు అన్న కొడుకు కాదు, ఈ పినతండ్రి. ర్యాలి శాసనంలో ఆయన కథ ఆయన మాటగా ఉంది: అన్న పరోక్షంలో రాజ్యాన్ని బలంతో తీసుకున్నాడు, కొడుకు శక్తివర్మ మీది ప్రేమతో దాన్ని అతనికి అప్పగించాడు, ఏడాదికే ఆ కొడుకు పోతే శోకంలో కుంగిపోయి, ధర్మం తప్పదు గనుక మళ్లీ కిరీటం పెట్టుకున్నాడు. ఇక కులోత్తుంగుడి కొడుకు వీరచోడుడు వేయించిన చెల్లూరు శాసనం చదువు. దిగ్విజయం చేయాలన్న కోరికతో కులోత్తుంగుడే వేంగిని పినతండ్రికి ఇచ్చాడని, ఆయన పదిహేనేళ్లు ఏలి స్వర్గానికి వెళ్లాడని అందులో ఉంటుంది. పోగొట్టుకున్న రాజ్యం అక్కడ దానం చేసిన రాజ్యమయింది. మూడో కథ కళింగ గాంగులది. అనంతవర్మ చోడగంగుడి విశాఖపట్నం తామ్రశాసనాలు అదే విజయాదిత్యుడిని వేంగి ఆకాశాన్ని విడిచి చోళ సముద్రంలో మునగబోతున్న ముసలి సూర్యుడిగా వర్ణించి, చోడగంగుడి తండ్రి రాజరాజదేవుడు ఆయనను ఆదుకుని పడమటి దిక్కున చాలాకాలం వైభవంగా నిలిపాడని చెబుతాయి.

ఒకే మనిషి ఒకచోట కొడుకును పోగొట్టుకున్న తండ్రి, ఒకచోట అన్న కొడుకు దయతో రాజైన పెద్దాయన, ఒకచోట పొరుగు రాజు ఆశ్రయం పొందిన వృద్ధుడు. ఈ మూడింటిలో ఏది నిజమని తీర్పు చెప్పి మిగిలినవి పారేయడం చరిత్రకారులు కూడా తొందరపడి చేయరు. నువ్వు మూడింటినీ ముగ్గురి నోట పలికించు. కొడుకు చావు తలుచుకుని ఆయన ఏడ్చింది నిజమే కావచ్చు, ఆ ఏడుపు ఆరకముందే అన్న కొడుకుకు చెందవలసిన గద్దె మీద కూర్చున్నదీ నిజమే. ఆ రెండూ ఒక్క మనిషిలో ఇమిడినప్పుడే పాఠకుడు ఆయనను నమ్ముతాడు.

ఇప్పుడు అధిరాజేంద్రుడి దగ్గరికి వద్దాం. 1070లో చోళ చక్రవర్తి వీరరాజేంద్రుడు చనిపోయాడు, ఆయన కొడుకు అధిరాజేంద్రుడు కొద్ది వారాలే నిలిచాడు. కల్యాణి చాళుక్యుల ఆస్థానానికి కాశ్మీరం నుంచి వచ్చిన బిల్హణుడు తన విక్రమాంకదేవచరితంలో, వీరరాజేంద్రుడి అల్లుడైన కల్యాణి రాజకుమారుడు విక్రమాదిత్యుడు కంచికి వెళ్లి తిరుగుబాటుదారులను అణచి, గంగైకొండచోళపురంలో బావమరిదిని గద్దె మీద నిలిపి, నెల రోజులుండి వెనుదిరిగాడని, ఆ తరువాత కొద్ది రోజులకే ప్రజల తిరుగుబాటులో బావమరిది ప్రాణం పోయిందని, వేంగి ప్రభువు రాజిగుడు సింహాసనం పట్టాడని రాశాడు. ఆ రాజిగుడే మన కులోత్తుంగుడు. తాను నిలిపిన బావమరిది తాను వెనుదిరిగిన కొద్ది రోజులకే కూలిపోయాడంటే విక్రమాదిత్యుడి పరువుకు భంగం కదా. అందుకే బిల్హణుడికి తిరుగుబాటు అవసరమయింది. కులోత్తుంగుడి ఆస్థానకవి జయంకొండార్ కళింగత్తుప్పరణిలో వీరరాజేంద్రుడి తరువాత దేశమంతా అరాజకమై, ఆచారాలు చెడి, గుళ్లు మూతబడ్డాయని, అప్పుడు కులోత్తుంగుడు వచ్చి ఉద్ధరించాడని పాడాడు. అధిరాజేంద్రుడి ఊసే లేదు. తమిళ శాసనాల మొదట్లో రాజును పొగుడుతూ వచ్చే కులోత్తుంగుడి ప్రశస్తి ఇంకా సున్నితంగా నడుస్తుంది: దక్షిణ దిక్కు లక్ష్మి పదిమంది సొత్తయిపోయిందనీ, కావేరి కట్టుకున్న నేలతల్లి ఒంటరిగా మిగిలిందనీ, ఆ కొరత తీర్చడానికి ఆయన హక్కుగా వచ్చిన కిరీటం ధరించాడనీ దాని తాత్పర్యం.

ఒంటరిగా మిగిలిందన్న ఆ మాట దగ్గర ఆగు. అప్పటికి ఆ నేలకు పట్టాభిషిక్తుడైన రాజు ఉన్నాడు. ఆయన పేర వేసిన శాసనాలున్నాయి. ఆ రాజును చంపామనలేదు, ఓడించామనలేదు, అసలు లేనే లేడన్నారు. నీ ఐదో ప్రకరణానికి కావలసిన దృశ్యం ఇక్కడ ఉంది. ఆ ప్రశస్తి కూర్చిన విద్వాంసుడిని తీసుకో. నిన్నమొన్నటి దాకా అధిరాజేంద్రుడి బిరుదులు రాసిన చేతితోనే ఇప్పుడీ వాక్యం రాయాలి. ఎదురుగా కొత్త రాజు అధికారి కూర్చుని ఒక్కొక్క పదం వింటున్నాడు. పాత రాజు ఎలా పోయాడో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు. అధిరాజేంద్రుడి చావును చూపించకుండా ఆ మౌనాన్ని చూపించగలిగితే నీ పాఠకుడికి వణుకు పుడుతుంది.

ఇంకో సంగతి నీ దృష్టికి రాలేదనుకుంటాను. పట్టాభిషేకం రోజునే నువ్వు ఆయనను కులోత్తుంగుడని పిలిపించావు. గద్దె ఎక్కిన తొలి సంవత్సరాల శాసనాలలో ఆయన రాజకేసరి రాజేంద్ర చోళుడే. కులోత్తుంగుడన్న పేరు నాలుగైదేళ్లకు గాని వాడుకలోకి రాలేదు. ముందు తాతగారి పేరుతో కుదురుకుని, పునాది గట్టిపడ్డాక సొంత పేరు పెట్టుకున్న ఓపిక అది. అలాగే తండ్రి పోయాక చోళ గద్దె ఎక్కేదాకా ఆయన ఖాళీగా కూర్చోలేదు. వైరాగరంలో ఏనుగులు పట్టాడని, బస్తరు వైపు చక్రకోటలో ధారావర్షుడిని ఓడించాడని ఆయన తొలి ప్రశస్తులే చెబుతున్నాయి. చేతిలో వేంగి లేని రాజకుమారుడు అడవుల్లో సైన్యం కూడగట్టుకున్న ఆ రోజులకు ఒక పూర్తి ప్రకరణం ఇవ్వు.

స్త్రీల విషయంలో ఒక్క మాట, బాధతోనే చెబుతున్నాను. నీ నవలలో రాజకుమార్తెలు పెళ్లిపీటల మీద కనిపించి మాయమవుతున్నారు. వీరరాజేంద్రుడి శాసనం ఒకటి, వేంగిలో కల్యాణి చాళుక్యుల సేనాని చాముండరాయుడిని చంపిన తరువాత ఆ సేనాని ఒక్కగానొక్క కూతురు, నెమలివంటి అందగత్తె నాగలై ముక్కు కోయించిన సంగతిని ఘనకార్యంగా చెక్కించింది. వారసత్వపు లెక్కల్లో ఎవరి ముఖాలు తెగుతాయో చెప్పే వాక్యం అది. అమ్మంగదేవి ఆ వార్త విన్నప్పుడు ఏమనుకుని ఉంటుంది? ముక్కు కోయించినవాడు ఆమెకు స్వయానా తోబుట్టువు.

శాసనాల కోసం నువ్వు దూరం వెళ్లనక్కరలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో దక్షిణ భారత శాసన సంపుటాలు అడిగి తీసుకో. సింహాచలం ఆలయ శాసనాలలో అన్నిటికన్నా పాతది 1098 నాటిది, కులోత్తుంగుడి కాలానిదే. కొండెక్కి ఆ రాతిని కళ్లారా చూసిరా.

చివరగా నవల ముగింపు గురించి. పట్టాభిషేకం దగ్గర ఆపేయాలని నువ్వు అనుకుంటున్నట్లు రాశావు, నేను ఒప్పుకోను. విజయాదిత్యుడు పోయాక కులోత్తుంగుడు వేంగికి పంపిన కొడుకు రాజరాజ ముమ్మడి చోడుడు ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడు. రాజ్యసుఖం కన్నా తల్లిదండ్రుల పాదసేవే మేలనుకున్నాడని చెల్లూరు శాసనం కారణం చెబుతుంది. అసలు కారణం ఊహించే పని నీది. 1078లో అతని స్థానంలో వీరచోడుడు వేంగికి వచ్చాడు. అదే సంవత్సరం కళింగలో, చోళ రాజకుమార్తె రాజసుందరి కడుపున పుట్టిన అనంతవర్మ చోడగంగుడికి పట్టం కట్టారు. చోళుల ఆడపడుచు కొడుకు మరొకడు మరొక గద్దె ఎక్కాడన్నమాట. తరువాతి కాలంలో కులోత్తుంగుడి సేనలు కళింగ మీదికి నడిచింది ఇతని మీదికే. నవలను 1078 దాకా నడిపించు. ఐదో ప్రకరణం తిరగరాశాక నాకు పంపు. ఆ విద్వాంసుడి ఘట్టం కుదిరిందో లేదో చూసి, మిగిలినవాటి సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు
నీ అన్నయ్య