ముక్కులో లింఫోమా అనుమానం: బయాప్సీ మళ్లీ ఎందుకు?

అమలాపురంలో ఉండే మీ బాబాయిగారికి నాలుగు నెలలుగా ఒకవైపు ముక్కు మూసుకుపోయి రక్తం పడుతోందని, బయాప్సీలో ‘చచ్చిన కణజాలం’ అని తప్ప ఏమీ తేలలేదని రాశారు. మళ్లీ ముక్క తీయాలా అని మీ ప్రశ్న.

తీయించండి. ముక్కులో వచ్చే ఎన్‌కే/టీ సెల్ లింఫోమా (తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక క్యాన్సర్) రక్తనాళాల గోడల్లోకి చొరబడుతుంది, దాంతో చుట్టూ ఉన్న కణజాలం చచ్చిపోతుంది. పైపైన గిల్లితే దొరికేది అదే. అందుకే ఎండోస్కోపీలో చూస్తూ, బతికున్న అంచు నుంచి, లోతుగా, ఒకటికి మించిన చోట్ల తీయాలి. కొంత భాగం ఫంగస్ పరీక్షకూ పంపాలి. 2021లో బ్లాక్ ఫంగస్ చూశాం కదా, అదీ ఇలాగే ముక్కును తినేస్తుంది.

ల్యాబ్ చీటీ మీద ‘లింఫోమా అనుమానం’ అని రాయమనండి. అప్పుడే సీడీ3, సీడీ56 లాంటి మార్కర్లు (కణం ఏ రకమో చెప్పే గుర్తులు), ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈ లింఫోమా కణాల్లో ఉంటుంది) కోసం ఈబర్ పరీక్ష చూస్తారు. తేల్చేది చాలావరకు ఈబరే. దగ్గర్లో అది లేకపోతే పారాఫిన్ దిమ్మను (తీసిన ముక్కను మైనంలో పొదిగి ఉంచింది) హైదరాబాద్ పంపితే చాలు, పేషెంట్ వెళ్లక్కర్లేదు. రోగం ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ ఆ తర్వాత సంగతి.

ఈలోపు సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు వేయకండి, వాపు తగ్గి రోగం దాక్కుంటుంది. ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, హఠాత్తుగా ఆపొద్దు.