చీనీ తోట అమ్మి హెలికాప్టర్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నేను తాడిపత్రిలో ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ చదువుతున్నాను. ఎన్నికలప్పుడు మా కాలేజీ గ్రౌండులో హెలికాప్టర్ దిగితే అందరూ లీడర్‌ను చూడ్డానికి ఎగబడ్డారు, నేను మాత్రం పైలట్ చేతులే చూస్తూ నిలబడ్డాను. అప్పట్నుంచీ అదే పిచ్చి. నాన్న 'చీనీ తోట అమ్మైనా నేర్పిస్తా' అంటున్నాడు. అమ్మేమో పావురాలగుట్ట మాటెత్తి వద్దంటోంది. అమ్మాయిలకు అవకాశం ఉంటుందా? నాకు అద్దాలు లేవు గానీ వెనక బెంచీ నుంచి బోర్డు కాస్త మసకగా కనిపిస్తుంది.

జవాబు: ముందు ఆ ఆఖరి మాట సంగతి తేల్చుకో తల్లీ. ఈ వారంలోనే అనంతపురం వెళ్లి కంటి డాక్టర్‌కు చూపించుకో, రంగుల పరీక్ష కూడా చేయమను, చుక్కల బొమ్మలో అంకె చదివిస్తారే, అది. సివిల్ లైసెన్సుకైతే అద్దాలతో చూపు సరిపోయినా ఒప్పుకుంటారు, రంగులు గుర్తుపట్టడంలో తేడా వస్తే మాత్రం అసలుకే ఎసరు. ఎయిర్‌ఫోర్స్ పైలట్‌కు చూపు నిబంధనలు ఇంకా కఠినం.

ఇక తోట. అమ్మొద్దని నాన్నకు గట్టిగా చెప్పు. సివిల్‌లో, అంటే సైన్యం బయట, కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, మెడికల్ పాసవ్వాలి, నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ లాంటి పరీక్షలు రాయాలి, 150 గంటలు ఎగరాలి. చిన్న విమానంతో పోలిస్తే హెలికాప్టర్ గంట ఖర్చు బాగా ఎక్కువ, మొత్తం కలిపితే పదుల లక్షలు. పోనీ లైసెన్సు రాగానే ఉద్యోగం ఉందా అంటే, సముద్రంలో ఆయిల్ రిగ్గులకు మనుషుల్ని చేరవేసే కంపెనీలైనా, వీఐపీలను తిప్పేవాళ్లైనా వేల గంటల అనుభవం ఉన్నవాళ్లనే అడుగుతారు. ఆ సీట్లలో చాలావరకు సైన్యంలో ఎగిరి రిటైరైనవాళ్లే ఉంటారు. 150 గంటల కొత్త పైలట్ ఫైలు పట్టుకుని తిరగాల్సిందే.

అందుకే నా ఓటు ఎన్‌డీఏకే, అంటే త్రివిధ దళాల అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి. అక్కడ శిక్షణకు మీ నాన్న రూపాయి పెట్టక్కర్లేదు. అమ్మాయిలు 2022 నుంచి చేరుతున్నారు, తొలి బ్యాచ్ 2025లో పాసై బయటికొచ్చింది కూడా. పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కాక ఎయిర్‌ఫోర్స్‌కు పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఒకటి ఉంటుంది, జీవితంలో ఒక్కసారే, తప్పితే మళ్లీ ఛాన్సు లేదు. ఇంకో మెలిక, నీకు హెలికాప్టరే ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా అన్నది శిక్షణలో నీ పనితీరు, వాళ్ల అవసరం చూసి తేలుస్తారు. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ స్కూలు హకీంపేటలో ఉంది, ఆర్మీది నాసిక్‌లో. నేవీది అరక్కోణంలో, మీ తాడిపత్రి మీదుగా చెన్నై వెళ్లే రైలు ఆగే ఊరే.

అమ్మ భయాన్ని తీసిపారేయకు. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలోని ఆ పావురాలగుట్ట దగ్గర కూలిందంటే సీమలో ఏ అమ్మకైనా ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు వాతావరణం బాగాలేదు. ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుందని అమ్మ అనుకుంటూ ఉండొచ్చు, అది నిజం కాదు. హెలికాప్టర్‌ను పైకీ కిందికీ నడిపే ఎడమచేతి లివర్‌ను, అంటే కలెక్టివ్‌ను, వెంటనే దించితే కింది నుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, చోటు చూసుకుని దిగొచ్చు. దీన్ని పైలట్లు మళ్లీ మళ్లీ సాధన చేస్తారు. అసలు గండం మబ్బుల్లో కొండ కనపడకపోవడం. వెనక సీట్లో ఎంత పెద్ద మనిషున్నా 'సార్, వెనక్కి వెళ్దాం' అనగలగాలి, నన్నడిగితే ఈ ఉద్యోగంలో కష్టమైన పని అదే.

నువ్వు చూసిన ఆ చేతుల సంగతీ చెబుతా. ఎడమ చేయి కలెక్టివ్ మీద, కుడి చేయి ముందుకూ వెనక్కీ పక్కలకూ నడిపే సైక్లిక్ అనే కర్ర మీద, కాళ్లు పెడల్స్ మీద, ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దాలి. గాల్లో ఒకేచోట నిలపడమే కొత్తవాళ్లకు చెమటలు పట్టిస్తుంది. పైగా మన ఎండలకు గాలి పలచబడుతుంది, పొద్దున ఎత్తిన బరువును అదే హెలికాప్టర్ మే నెల మధ్యాహ్నం ఎత్తలేకపోవచ్చు. ఫిజిక్స్ బట్టీ కొట్టొద్దనేది ఇందుకే.

ఈఏపీసెట్ మానకు. ఎన్‌డీఏకు యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ ఇస్తుంది, సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు. మ్యాథ్స్‌కు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, అందులో ఇంగ్లిషుకే 200. మన పిల్లలు తడబడేది అక్కడే కాబట్టి రోజూ ఇంగ్లిషు పేపరు చదువు. కంటి డాక్టర్ ఏమన్నారో మాత్రం మర్చిపోకుండా రాయి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.