షేడ్‌నెట్ కింద ఎర్ర మందార: ఫిల్మ్, డార్క్‌రూమ్ ప్రశ్నలు

ప్రశ్న: సార్, మాది ఒంగోలు దగ్గర పల్లె. షేడ్‌నెట్ కింద మిరప నారు పెంచుతాం, ఒక పక్కన అమ్మకానికి మందార మొక్కలు కూడా ఉంటాయి. నాన్నగారి పాత ఎస్ఎల్ఆర్ కెమెరాతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసి ఇంట్లోనే ప్రింట్లు వేస్తున్నా. ఎర్ర మందార, దాని ఆకు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతున్నాయి. నలుపు తెలుపుల తేడా పెంచే పేపర్ గ్రేడ్‌లో 4 దాకా వెళ్లినా అంతే. పేపర్ మార్చాలా?

జవాబు: వద్దు, ఆ డబ్బులు అట్టే పెట్టుకోండి. పువ్వూ ఆకూ నెగెటివ్ మీదే ఒకే నలుపులో పడితే గ్రేడ్ 5 కూడా వాటిని విడదీయలేదు, గ్రేడ్ పెంచితే ఉన్న తేడా పెరుగుతుందే గానీ లేని తేడా పుట్టదు. మన కంటికి రంగు వేరు కాబట్టి పువ్వు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఫిల్మ్‌కి మాత్రం మిగిలేది వెలుగు ఎంత అన్న లెక్కే.

పని జరగాల్సింది లెన్స్ ముందర. ఎర్ర ఫిల్టర్ పెడితే పువ్వు తెల్లబడుతుంది, ఆకులు నల్లగా మూసుకుపోతాయి. చూడ్డానికి డ్రామా బాగుంటుంది కానీ ఈనెలు కనపడవు, నర్సరీ మొక్కని అలా చూపించి ఏం లాభం? నన్నడిగితే పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్ కొనండి. ఆకు రంగు తేలికపడి ఈనెలు బయటికొస్తాయి, పువ్వు ముదురుగా నిలబడుతుంది.

అయితే దానికి వెలుతురు ఖర్చవుతుంది. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌కి మంచి ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్/16 దగ్గర ఉంచితే షట్టర్ 1/500 సెకను అనుకుంటే, 50 శాతం నెట్ ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు) తినేస్తుంది, అంటే 1/250. ఫిల్టర్ సుమారు రెండు స్టాపులు, 1/60కి వచ్చాం. పువ్వుకి దగ్గరగా వెళ్లడానికి 50 ఎంఎం లెన్స్ వెనక 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌ని కెమెరాకి దూరం జరిపే ఖాళీ గొట్టం) పెట్టారా, ఇంకో స్టాప్ పైచిలుకు పోయి 1/30 దగ్గర ఆగుతారు. అక్కడ ట్రైపాడ్ తప్పదు, గాలి నిలిచే దాకా కాచుకోవడమూ తప్పదు. లెన్స్ గుండా చదివే మీటర్ ఉంటే ఈ కూడికలు అదే చూసుకుంటుంది, చేతి మీటరైతే మీరే వేసుకోవాలి.

ఇంకో మాట. నెట్ కింద వెలుతురు నలువైపులా పరుచుకుని చప్పగా ఉంటుంది కాబట్టి, పొద్దున్నే పక్క నెట్ కాస్త పైకి చుట్టి ఆకు వెనక నుంచి ఎండ రానివ్వండి. వెనకాల నల్లగుడ్డ కడితే ఆ నారు పెంచే ప్రోట్రేలు, డ్రిప్పు పైపుల గోల కూడా కనపడదు. ఇవన్నీ చేశాక అప్పుడు గ్రేడ్ సంగతి చూడండి, బహుశా 2 లేదా 3 సరిపోతుంది.

ప్రశ్న: కావలి నుంచి. మే నెలలో ట్యాంకు నీళ్లే కాగుతుంటాయి. 20 డిగ్రీల్లో డెవలప్ చేయమని డబ్బా మీద ఉంటుంది. రోహిణీ కార్తెలో ఎలాగండీ?

జవాబు: 20 కోసం టెన్షన్ పడొద్దు, 24 చాలు. కాకపోతే వేడి పెరిగేకొద్దీ టైం తగ్గుతుంది, అయిదు నిమిషాల లోపుకి వస్తే ఫిల్మ్ మీద డెవలపర్ (బొమ్మని బయటికి తెచ్చే మందు) సమంగా పనిచేయక మచ్చలు, చారలు వస్తాయి. అందుకే పలచన చేసి వాడండి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ని ఐడీ-11 డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి చేస్తే 20 డిగ్రీల్లో 13 నిమిషాలు, 24లో సుమారు 9. చేతినిండా టైం ఉన్నట్టే.

ఐస్ ముక్కలు డెవలపర్‌లో వేయకండి, కరిగి లెక్క చెడగొడతాయి. సీసాలన్నీ ఒక టబ్బులో నిలబెట్టి, ఐస్‌ని కవర్లో కట్టి ఆ నీళ్లలో వేయండి. ఉదయగిరి వైపు పొడి వేడిలో కుండ నీళ్లు బాగానే చల్లబడతాయి, సముద్రం పక్కన ఆ తేమగాలిలో మీకు అంత లాభం ఉండదు. చాలామంది మర్చిపోయేది కడిగే నీళ్లు: డెవలపర్ 24లో ఉంచి చివర్లో 35 డిగ్రీల కుళాయి కింద పెడితే ఫిల్మ్ మీది జిలాటిన్ పూత ఒక్కసారిగా ఉబ్బి పగుళ్లలా ముడతలు పడొచ్చు. అవి ఇక పోవు. కడిగే నీళ్లు కూడా అదే టబ్బులో ముందే పెట్టుకోండి. ఫిల్మ్ ఉన్న డెవలపింగ్ డబ్బా నింపి 5 సార్లు తిరగేసి పారబోయండి, మళ్లీ నింపి 10, మళ్లీ 20. ఫిల్మ్‌కి అది చాలు, నీళ్లూ మిగులుతాయి. చివరిగా ఒక ముంచు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో, మీ బోరు నీళ్లకి తెల్ల మరకలు ఖాయం.

ప్రశ్న: ఏసీ గదిలోంచి పాలీహౌస్‌లోకి వెళ్లగానే లెన్స్ మసకబారుతోంది.

జవాబు: కెమెరాని కవర్లో మూసి బయట అరగంట ఉంచి, ఆ తర్వాత తీయండి. ఇంటికొచ్చాక సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి, తోలు కేసులో మాత్రం వద్దు, ఫంగస్ పట్టేది అక్కడే.

ప్రశ్న: గూడూరు నుంచి. వాడేసిన హైపో (బొమ్మని నిలబెట్టే ఫిక్సర్) మా నిమ్మచెట్లకి పోయొచ్చా? అందులో సల్ఫర్ ఉంటుందట కదా.

జవాబు: ఉంటుంది, కొన్ని ఫిక్సర్లలో ఉండే అమ్మోనియం థయోసల్ఫేట్‌ని ఎరువుగా వాడేదీ నిజమే. కానీ మీ ఫిక్సర్ ఫిల్మ్‌లోంచి వెండిని కరిగించుకుని కూర్చుంది. దాన్ని పాదుల్లో గానీ బోరు దగ్గర గానీ పోయకండి. ప్లాస్టిక్ క్యాన్‌లో దాచండి, పిల్లలకి అందకుండా. ఎక్స్‌రే ఫిల్మ్ ఫిక్సర్‌లోంచి వెండి తీసేవాళ్లు ఎక్కడైనా దొరికితే వాళ్లకే ఇవ్వండి. దొరక్కపోతే స్టీల్ ఊల్ వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరిగి వెండి చాలావరకు అడుక్కి దిగుతుంది, అయినా ఆ నీళ్లు నిమ్మచెట్టుకి మాత్రం వద్దు.